లేచి నిలబడిన తీర్మానం

ఆ ఏడు మార్చి నెల ఆఖరు రోజు పొద్దున సింగిరిమిట్ట పంచాయతీ బోర్డు మెంబరు ఇమ్మానుయేలు చెంబెడు నీళ్ళతో ముఖమూ కాళ్ళూ కడుక్కుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేశాడు. దేవుణ్ణి ఆయన అడిగింది ఒక్కటే: మధ్యాహ్నం దాకా ఊళ్ళో కొత్త సంగతి ఏదీ జరగకుండా చూడమని. పాత సంగతులన్నింటినీ ఆయన తనే సర్ది పెట్టుకున్నాడు.

సింగిరిమిట్ట మదనపల్లెకూ పుంగనూరుకూ నడుమ రోడ్డు పక్కన ఉన్న ఊరు. ఊరికి ఎడంగా, గుట్ట వైపున క్రీస్తుపేట. ఇమ్మానుయేలు పేటలోని మిషన్ బడిలో అయ్యవారు; పేట ఓట్లతోనే బోర్డులో మెంబరయ్యాడు. పేటకు బావి లేదు. ఊరి బావుల్లో పేట కడవ మునగకూడదు. గుట్ట వెనక కుంట ఒకటుంది. దాన్ని ఊరి బర్రెలూ పేట మనుషులూ పంచుకుంటారు. పోయిన ఎండాకాలం ఆ నీళ్ళు తాగి వాంతులూ విరేచనాలూ పట్టుకుని పేటలో పసిబిడ్డలు పోయారు. బావి అనే మాట ఆ తర్వాత పేటలో ఎవరూ గట్టిగా అనేవారు కాదు. అంటే ఏ ఇంట్లోనో ఒక తల్లి లేచి లోపలికి పోయేది.

ఇమ్మానుయేలు ప్రార్థన ముగించేసరికి ఆయన భార్య సారా కడవ దించుతోంది. అందులో సగం నీళ్ళు, సగం అడుసు.

"ఈ పొద్దు బర్రెలు నాకంటే ముందొచ్చినాయి," అంది సారా.

"ఇంకెన్నాళ్ళులే. ఈ పొద్దుతో తేలిపోతాది."

"పోయినేడూ ఇదే మాటంటివి."

"పోయినేడు ఓట్లు సాలలేదు. ఈ తూరి గురప్ప మన పక్క ఉండాడు."

"గురప్ప యాడుండాడు? వాళ్ళ మామను తెచ్చుకునేదానికి మదనపల్లె పోవల్లని నిన్న సంతలో సెప్తాండె గదా?"

"ఆయన పోడు. మీ చెల్లెలు తెస్తాంది," అన్నాడు ఇమ్మానుయేలు. పరీక్ష ప్యాసైన పిల్లవాడి నవ్వు ఆయన ముఖంలో కనిపించింది.

సంగతి ఏమంటే, అవి యుద్ధం రోజులు. కిరసనాయిలు మీద కంట్రోలు. వీధిదీపాలకని బోర్డు పద్దులో పెట్టుకున్న డబ్బు అట్లాగే ఉండిపోయింది, దీపాలు మాత్రం ఏడాదంతా కాకులు వాలడానికే పనికొచ్చాయి. ఏప్రిల్ వస్తే ఆ పద్దు మురిగిపోతుంది. ఈలోగా మెంబర్లలో ఎక్కువమంది ఒప్పుకుంటే దాన్ని వేరే పద్దుకు మార్చుకోవచ్చు. ఇమ్మానుయేలు దాన్ని పేట బావికి మార్చమంటాడు. ధాన్యం మండీ పెట్టుకున్న చెంగల్రాయశెట్టి, బండ్లు నిలిచే చోట బండలు పరచడానికి మార్చమంటాడు. బండ్లు నిలిచేది ఆయన మండీ ముందే. బోర్డులో ఆ పక్క ముగ్గురు, ఈ పక్క ముగ్గురు. ఈ పక్క మూడోవాడు గురప్ప. మిగిలింది ప్రెసిడెంటు సుబ్బరాయుడు. సుబ్బరాయుడు మంచివాడే. ఎటు ఎక్కువమంది ఉంటే అటు మంచివాడు. పట్టు సమానంగా ఉన్నప్పుడు మాత్రం ముందు ఎవరు అడిగితే వాళ్ళకు మంచివాడు. ముందు అడిగినవాడు ఇమ్మానుయేలు. కాబట్టి గురప్ప వస్తే బావి, రాకపోతే బండలు.

గురప్ప రాలేననడానికి కారణం వాళ్ళ మామ గంగిరెడ్డి. గంగిరెడ్డి ఆ బోర్డుకు చాలాకాలం ప్రెసిడెంటుగా చేసినవాడు. ఊరంతా మాట్లాడేది ఒక ఎత్తు, ఆయనొక్కడు మాట్లాడేది ఒక ఎత్తు. పేట బావి అర్జీ వచ్చినప్పుడల్లా తిప్పికొట్టింది కూడా ఆయనే. కంటి పొరకు మదనపల్లెలో ఆపరేషన్ చేయించుకున్నాడు. ఆసుపత్రి గంజి తాగలేనని, ఇంటికి పంపకపోతే కట్టు ఊడబీకి నడిచిపోతానని పేచీ పెట్టాడు. డాక్టరు విసిగిపోయి ఒప్పుకున్నాడు గానీ షరతులు పెట్టాడు. వెల్లకిలా పండుకోవాలి. తల కదలకూడదు. వెలుతురు, దుమ్ము తగలకూడదు. దగ్గకూడదు, తుమ్మకూడదు, అన్నిటికంటే ముఖ్యంగా మాట్లాడకూడదు. పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిచే బస్సు కుదుపులకు కుట్లు నిలవవు కాబట్టి ఎద్దులబండిలో మెల్లగా పోవాలి.

అక్కడే నర్సుగా ఉన్న కృపమ్మ సారాకు చెల్లెలు. ఇమ్మానుయేలు బస్సు కండక్టరు చేత ఆమెకు కబురు పెట్టించాడు: ఎట్లాగూ ఇంటికి వస్తున్నావు కదా, గంగిరెడ్డిని నువ్వే బండిలో వేసుకురా, గురప్పకు మీటింగు ఉంది అని. పేట బావికి అడ్డుపడ్డ మనిషిని పేట ఆడబిడ్డే కాపాడి తెస్తుందంటే గురప్ప కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నా ఓటు నీదేనప్పా అయ్యోరా," అన్నాడు. ఇంతకంటే పకడ్బందీగా బావిని ఎవరూ తవ్వి ఉండరు.

బోర్డు ఆఫీసు రోడ్డు పక్కనే. ఇమ్మానుయేలు వెళ్ళేసరికి గురప్ప వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన్ను కళ్ళారా చూసుకున్నాక అయ్యవారికి ఊపిరి ఆడింది. శెట్టి కూడా గురప్పను చూశాడు. చూసి, ఓట్లు లెక్క వేసుకుని, ఇక పొద్దు సాగదీయడమే దారి అనుకున్నాడు. బావి తీర్మానం చివర ఉంది. ముందున్న ప్రతి దాని మీదా శెట్టి మాట్లాడాడు. మిషన్ బడికి పలకల గ్రాంటు మీద మాట్లాడాడు. బందెలదొడ్డి కంచె మీద మాట్లాడాడు. రాత్రి కాపలావాడికి కంబళి మంజూరు చేయడం దగ్గర అయితే కూర్చునే మాట్లాడాడు, అంత తీరిగ్గా.

"ఎండాకాలంలో కంబళి యాల?" అన్నాడు శెట్టి.

"సలికాలానికి," అన్నాడు గుమాస్తా.

"సలికాలం మీద ఇప్పుడే యాల తొందర? వాడు అప్పుటిదాకా ఉద్యోగంలో ఉంటాడని ఏం నమ్మకం?"

కంబళి గురించి వాదన ఇంకా తెగకుండానే రోడ్డు మీద ఏడుపు వినిపించింది.

ఏడుస్తూ వచ్చింది గౌరమ్మ. రోడ్డు మలుపులో కూర్చుని మజ్జిగ అమ్ముతుంది. ఆమె చూసింది ఇది: మదనపల్లె దిక్కు నుంచి బండి వస్తోంది. ఎద్దులు అడుగులో అడుగు వేస్తున్నాయి. బండిలో మనిషి వెల్లకిలా పండుకుని ఉన్నాడు. తల నుంచి కాళ్ళ దాకా తెల్ల దుప్పటి. పక్కన తెల్లచీర కట్టుకున్న నర్సమ్మ బండి మీద చెయ్యివేసి తల వంచుకుని నడుస్తోంది. "గంగిరెడ్డప్పేనా అమ్మా?" అని గౌరమ్మ కేకవేస్తే, కృపమ్మ అవునన్నట్టు తల ఊపి, నోటి మీద వేలు పెట్టుకుంది, గొడవ చేయవద్దని. గౌరమ్మకు ఇంకేం కావాలి? మజ్జిగ కుండ అక్కడే వదిలేసి, గుండెలు బాదుకుంటూ ఊరి వైపు పరుగెత్తింది.

ఆమె వెనకాలే బండి. కానీ కృపమ్మ ఇప్పుడు బండి పక్కన లేదు. పేట దారి దగ్గరికి వచ్చేసరికి, పేటలో పూలమ్మకు పురిటినొప్పులు వస్తున్నాయని ఎవరో పరుగున వస్తే, కృపమ్మ అటు పోతూ బండి తోలే సుబ్బయ్యకు గట్టిగా చెప్పింది: "నేనొచ్చేదాకా దుప్పటి ఎవుర్నీ తీయనీవాకు. ముట్టనీవాకు. మాట్లాడనీవాకు." సుబ్బయ్య బైరెడ్డిపల్లె మనిషి. చెప్పింది చెప్పినట్టు చేసే రకం. ఆమె మాట్లాడనీవాకు అన్నది రోగిని గురించే అయినా, ఎందుకైనా మంచిదని తాను కూడా మాటలు తగ్గించాడు. రోగి మాట్లాడే ఇబ్బంది అప్పటికి లేదు. ప్రయాణానికని డాక్టరు ఇచ్చిన నిద్రమందు మింగి ఆయన వేరే లోకంలో ఉన్నాడు.

బండి బోర్డు ఆఫీసు ముందుకు వచ్చేసరికి రోడ్డు నిండిపోయింది. అంగళ్ళు మూశారు. తప్పెట్లు వాయించేవాళ్ళు కబురు అందకుండానే అందుకుని వచ్చేశారు. గురప్ప ఒక్క గెంతున అరుగు దిగి బండి చక్రం పట్టుకుని "మామా, నేనొచ్చింటే నీకిట్ల అయ్యిండునా!" అని ఏడ్చాడు. మెంబర్లంతా తలగుడ్డలు తీశారు. ఆ ప్రాంతంలో పోయిన మనిషి గురించి పోయాడా అని ఎవరూ అడగరు. అది నోట పెట్టవలసిన మాట కాదు. కాబట్టి ప్రెసిడెంటు సుబ్బరాయుడు గొంతు సవరించుకుని అడిగిందల్లా ఇంతే:

"ఎప్పుడప్పా?"

"రెండో కోడి కూతకు, సామీ," అన్నాడు సుబ్బయ్య. బయలుదేరింది అప్పుడే మరి.

"బాధపడినాడా?"

"యాడ బాధ? మందు మింగినాడు, పండుకున్నాడు. ఆ పొద్దు నుంచీ ఉలుకూ లేదు పలుకూ లేదు."

"ముఖం ఒకతూరి సూసుకుంటాం," అన్నాడు శెట్టి ముందుకు వస్తూ.

సుబ్బయ్య ములుకర్ర అడ్డం పెట్టాడు. "తీయగూడదు సామీ. ముట్టగూడదు. నర్సమ్మ కట్టడి జేసింది."

అంటురోగమేమోనని శెట్టి వచ్చినంత దూరమూ వెనక్కి పోయాడు.

ఇమ్మానుయేలుకు మొదట తోచింది, ఇక పద్దు మురిగిపోతుందని. వెంటనే తన మీద తనకే అసహ్యం కలిగింది. ఒక ఓటు కోసం ముసలాయన్ని బండెక్కించింది తానే కదా. గురప్ప వెళ్ళి ఉంటే ఒక పూట ఆగి తెచ్చేవాడేమో. బావి కోసం ఒక మనిషిని బలి పెట్టాను అనుకుని ఆయన బండి తల వైపున పోయి నిలబడ్డాడు.

శెట్టికి ఇంత దుఃఖంలోనూ దారి కనిపించింది. బండలు ఎట్లాగూ రావు. పేటకు బావి రాకపోతే చాలు, వచ్చే ఏడు చూసుకోవచ్చు. ఆయన తుండుగుడ్డతో కళ్ళొత్తుకుని చెయ్యి ఎత్తాడు.

"నేనొక మాట సెప్తా. ఇంత పెద్దాయన పోయిన దినం మనం బోర్డులో కూకుని పద్దులు మార్చుకుంటాంటే ఊరు మన ముఖాన ఉమ్మేస్తాది. సంతాప తీర్మానం రాసి, సభ మూసేద్దాం. తక్కినవన్నీ ఇంకో దినం."

"ఇంకో దినమంటే ఏప్రిల్ వస్తాది గదా," అన్నాడు గుమాస్తా మెల్లగా.

"ఏప్రిల్ రాకుండా నిలిపేదానికి మనమెవురప్పా?" అన్నాడు శెట్టి వేదాంతిలాగా.

ఎవరూ కాదనలేదు. ప్రెసిడెంటు బెంచీలు రోడ్డు మీదికి తెప్పించాడు. ఇన్నేళ్ళు తాను ఏలిన ఆఫీసు ముందు, ఆయన ఎదుటే సంతాపం చెప్పుకుంటే ఆత్మకు శాంతి అన్నాడు. బెంచీలు వచ్చాయి గానీ శవం ముందు ఎవరు కూర్చుంటారు? అందరూ నిలబడే ఉన్నారు. తప్పెట్లు ఆగాయి.

మొదట శెట్టి మాట్లాడాడు. పొద్దు సాగదీయడంలో ఆ ఉదయమే ఆయనకు బాగా అలవాటైంది. గంగిరెడ్డి ధర్మరాజన్నాడు. చాలక కర్ణుడన్నాడు. "ఆయన ఇంటికి పోయి లేదనిపించుకున్నోడు ఈ సీమలో ఒకడుండాడా?" అన్నాడు. ఉన్నవాళ్ళంతా నేల చూపులు చూశారు. చివరికి శెట్టి బండి వైపు చెయ్యి చాచి, పూనకం వచ్చినవాడిలాగా అన్నాడు: "ఆయన కడపటి మాట ఏదన్నా ఉంటే సెప్పండప్పా. ఈ బోర్డు దాన్ని తల మీద పెట్టుకోని జరిపిస్తాది. ఆయన ఎదట నిలబడి సెప్తాండా!"

తర్వాత ఇమ్మానుయేలు వంతు. ఏం చెప్పాలో ఆయనకు తోచలేదు. అబద్ధం చెప్పలేడు. ఆ మనిషి గురించి నిజం చెప్పే సమయం కాదు. ఆలోచిస్తూ ఉండగా శెట్టి చివరి మాట చెవిలో మిగిలింది. దాన్నే పట్టుకుని అన్నాడు:

"ఆయన మాట ఒకటుండాది. ఈ బోర్డులోనే సెప్పినాడు. పేట బావి అర్జీ నేను రెండోతూరి పెట్టినప్పుడు, 'నేను పోయినాక తవ్వుకోండప్పా' అనె."

ఆ మాట గంగిరెడ్డి అన్నది నిజమే. అర్జీ కాగితాన్ని విసిరికొట్టి, బల్ల మీద గుద్ది, పేట వాళ్ళను మూడు తరాల వెనక నుంచీ తిట్టి, చివర ఆ మాట అన్నాడు. ఎట్లా అన్నాడో అక్కడున్న మెంబర్లందరికీ తెలుసు. కానీ పీనుగ ముందు నిలబడి, లేదప్పా, ఆయన తిట్టినాడు అని చెప్పే మొనగాడు ఎవడు?

"అనె! నేనూ ఉండా ఆ పొద్దు!" అని గురప్ప బావురుమన్నాడు. "అంత కోపంలో గూడా పేటను మరిసిపోలేదు మా మామ!"

గుంపులో ఆడవాళ్ళు ముక్కులు చీదారు. ప్రెసిడెంటు చుట్టూ చూశాడు. ఎక్కువమంది ఎటున్నారో అంత స్పష్టంగా ఆయనకు ఎప్పుడూ కనిపించలేదు.

"రాయప్పా," అన్నాడు గుమాస్తాతో, కన్నీళ్ళతో. "కీర్తిశేషులైన గంగిరెడ్డి గారి కోరిక మేరకు, వీధిదీపాల పద్దులో మిగిలింది క్రీస్తుపేట బావికి మార్చడమైనది. సంతాపంతో పాటే ఇదీ. ఒప్పుకునేవాళ్ళు లేసి నిలబడండి."

ఆ బోర్డులో ఓటు వేసే పద్ధతి అది. ఒప్పుకున్నవాళ్ళు లేవాలి, కాదన్నవాళ్ళు కూర్చోవాలి. గుమాస్తా తల ఎత్తి చూశాడు. అందరూ లేచే ఉన్నారు. శెట్టి వెనక బెంచీ ఉంది. ఆయన మోకాళ్ళు కొంచెం వంగాయి. చుట్టూ ఊరు, ఎదుట పీనుగ, తప్పెట్ల వాళ్ళు తననే చూస్తున్నారు. మోకాళ్ళు మళ్ళీ నిటారయ్యాయి.

సరిగ్గా అప్పుడే ఇమ్మానుయేలు చూశాడు, దుప్పటి ముక్కు దగ్గర కొంచెం లోపలికి పోయి, కొంచెం పైకి రావడం. గాలి అనుకున్నాడు. గాలి లేదు. దుప్పటి మళ్ళీ లోపలికి పోయింది, మళ్ళీ పైకి వచ్చింది. మనిషి బతికి ఉన్నాడు! ఆ సంతోషం గుండె దాకా రాకముందే రెండో సంగతి వచ్చి కూర్చుంది: ఇప్పుడు నోరు తెరిస్తే బావి పోతుంది. ఒక్క నిమిషం నోరు మూసుకుంటే చాలు. ఇంట్లో ఉన్న అడుసు కడవ కళ్ళ ముందు మెదిలింది. బడిలో పిల్లలకు పదేపదే వల్లె వేయించే 'అబద్ధసాక్ష్యం పలకకూడదు' అన్న ఆజ్ఞ కూడా మెదిలింది. గుమాస్తా కలం కాగితం మీద పెట్టాడు.

"అప్పా, ఒక్క మాట. రెడ్డప్ప..." అన్నాడు ఇమ్మానుయేలు.

"ఉష్!" అన్నాడు ప్రెసిడెంటు. "మౌనం పాటించే యాళ అయ్యోరా."

"అది గాదప్పా, దుప్పటి..."

"మనిషి పోయినప్పుడన్నా రెండు నిమిషాలు ఊరుకోలేవా?" అని శెట్టి కసిరాడు.

అయ్యవారు ఊరుకున్నాడు. తాను చెప్పబోయాడు, వాళ్ళే చెప్పనివ్వలేదు. దేవుడి ముందు ఇది నిలుస్తుందా లేదా అని రెండు నిమిషాలూ ఆలోచించాడు. నిలవదేమోనని భయమేసింది. అయినా లోపల ఎక్కడో చల్లగా ఉంది, అందుకు మరీ భయమేసింది.

మౌనం ముగిసే వేళకు గౌరమ్మ ఎక్కడి నుంచో మట్టిమూకుడులో నిప్పులు తెచ్చి, గుప్పెడు సాంబ్రాణి చల్లి, బండి చుట్టూ తిప్పింది. పొగ దుప్పటి కిందికి దూరింది.

దుప్పటి తుమ్మింది.

మామూలు తుమ్ము కాదు. ఏళ్ళ తరబడి బోర్డును గడగడలాడించిన గొంతు నుంచి వచ్చిన తుమ్ము. ఎద్దులు అదిరిపడ్డాయి. తప్పెట్ల వాళ్ళు తప్పెట్లు వదిలి పరుగెత్తారు. గౌరమ్మ మూకుడు జారవిడిచి కెవ్వుమంది. గురప్ప వెల్లకిలా పడ్డాడు. అంతమందిలో నిబ్బరంగా ఉన్నది సుబ్బయ్య ఒక్కడే.

"తుమ్మగూడదనింది గదా నర్సమ్మ!" అని దుప్పటిని గదమాయించాడు.

ముందుగా తేరుకున్నది శెట్టి. "ఒంటి తుమ్ము! అపశకునం! తీర్మానం నిలిపేయండప్పా!" అన్నాడు. దుప్పటి కింద నుంచి రెండో తుమ్ము వచ్చింది. "శతమానం!" అంది గౌరమ్మ నేల మీది నుంచే, అలవాటు కొద్దీ.

ఆ గొడవకు కృపమ్మ పేట నుంచి పరుగున వచ్చింది. వచ్చి మూకుడు చూసింది, పొగ చూసింది, ఎవరి మీద పడాలో తెలియక బావ మీదే పడింది.

"ఎవురు బావా కంటి రోగికి సాంబ్రాణి పట్టింది? కుట్లు తెగితే ఆ కన్ను ఎవురిస్తారు?"

దుప్పటి పక్కకు నెట్టి కట్టు చూసింది. చెమటలు కారుతుండగా చాలాసేపు చూసింది. అంతసేపూ అయ్యవారికి బావి గుర్తు రాలేదు. "బాగుండాది," అని ఆమె ఊపిరి వదిలింది. "రెడ్డప్పా, నువ్వు నోరు తెరవాకు." అప్పుడు గురప్ప లేచి వచ్చి మామ కాళ్ళు పట్టుకుని మళ్ళీ ఏడ్చాడు, ఈసారి ఇంకో రకంగా.

శెట్టి ఆ ఏడుపు తగ్గేదాకా కూడా ఆగలేదు. "దేవుడు సల్లంగా సూసినాడు. సంతోషం. ఇంగ న్యాయం మాట్లాడుకుందాం," అన్నాడు. "పెద్దాయన ఏమనె? నేను పోయినాక తవ్వుకోండి అనె. పోలేదు గదా! మరి బావి యాల తవ్వేది? సంతాపం రద్దయితే దాంతో పాటు రాసిందీ రద్దు. అయ్యోరా, నువ్వే సెప్పు, ఇది న్యాయమా కాదా?"

అందరూ ఇమ్మానుయేలు వైపు చూశారు. గుంపు అంచున సారా వచ్చి నిలబడి ఉంది. ఖాళీ కడవ చంకలోనే ఉంది.

"న్యాయమే," అన్నాడు ఇమ్మానుయేలు. ఆ మాట అనడానికి ఆయనకు ముందరి రెండు నిమిషాలకంటే ఎక్కువ బలం కావలసి వచ్చింది. "ఆయన పోయినాకనే అన్నాడు. నాకు దుప్పటి కదిలేది కనబడినాది గూడా. మీరు సెప్పనీలేదు, నేనూ గట్టిగా సెప్పలేదు. కొట్టేయండి."

సారా అటు తిరిగి నిలబడింది. గుమాస్తా కొట్టేయడానికి కలం తీశాడు.

"శెట్టీ!"

బండిలో నుంచి వచ్చింది ఆ కేక. కృపమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. గంగిరెడ్డి ఆ చేతిని తీసి పక్కన పెట్టాడు. తల కదపలేదు, అంతవరకు డాక్టరు మాట విన్నాడు.

"నేను నీ కర్ణుడి కాడనే మేలుకున్యా," అన్నాడు ఆకాశం వైపు. "బాగుండాదని పండుకోని వింటాండా. నన్ను ఇంటికాడ గూడా ఎవురూ అంత మాట అనింది లేదు. నేను సచ్చినాననుకోని లేసి నిలబడితివే, ఇప్పుడు బతికుండానని కూకుంటావా?"

కూర్చుంటే పెద్దాయన బతికినందుకు ఏడ్చినట్టు. శెట్టి కూర్చోలేదు. మిగిలినవాళ్ళు ఇంకా నిటారుగా నిలబడ్డారు. ఊరివాళ్ళలో అప్పటిదాకా గట్టు మీద కూర్చున్నవాళ్ళు కూడా లేచారు. వాళ్ళకు ఓటు లేకపోయినా, కూర్చుని ఎవరి కంట పడాలి?

"అయ్యోరా!" అన్నాడు గంగిరెడ్డి. "నేను బల్ల గుద్దిందీ, మీ తాతల్ని తిట్టిందీ యాల సెప్పలేదు?"

"మీరు ఈడ పండుకోనుంటే ఎట్ల సెప్పేది రెడ్డప్పా?"

ముసలాయన కృపమ్మ చేతిని మళ్ళీ తడిమి పట్టుకున్నాడు.

"మందు పట్టేదాకా వింటా ఉన్యా, ఈయమ్మ బండి పక్కనే నడిసింది. గులకరాయి కనబడితే కాలితో తోసింది, బండి ఎగరకుండా," అన్నాడు. "తవ్వండి. నా పేరు రాయండి. రాయి మాత్రం కుప్పం రాయి కావల్ల, నల్లది. వానకు అక్షరాలు పోగూడదు."

"రెడ్డప్పా, మాట్లాడితే కన్ను పోతాది!"

"ఇంకోటుండాది, ఉండమ్మా."

ప్రెసిడెంటుకు లెక్క పెట్టే పని లేకపోయింది. గుమాస్తా తీర్మానంలో 'కీర్తిశేషులైన' అన్న మాట మీద ఒక గీత గీసి, సంతాపాన్ని సంతోషంగా మార్చి, మిగిలినదంతా ఉన్నది ఉన్నట్టే ఉంచాడు. పేటలో పూలమ్మకు ఆడబిడ్డ పుట్టిందని కబురు వచ్చింది. కంబళి సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. ఆ ఏడు కాపలావాడు గోనెసంచి కప్పుకునే తిరిగాడు.

తొలకరి ముంగారి వానలకు ముందే బావిలో నీళ్ళు పడ్డాయి. సారా మొదటి కడవ చేది, ఎండలో ఎత్తి పట్టుకుని, అడుగు దాకా కనిపిస్తోందా లేదా అని చూసింది. కనిపించింది. ఆమె అప్పుడు ఇంటింటికీ పోయి, పోయిన ఎండాకాలం బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులను ముందు రమ్మంది.

గంగిరెడ్డి కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని, గురప్ప భుజం పట్టుకుని వచ్చాడు. గట్టు మీద నాటిన నల్లరాయి ముందు నిలబడి తన పేరు చదువుకున్నాడు. వేలితో ఒక్కొక్క అక్షరమూ తడిమి, లోతు సరిగ్గా ఉందన్నాడు. బావిలో ఎన్ని నీళ్ళు పడ్డాయో మాత్రం అడగలేదు.